ధర చెబుతూ ఎక్కించిన రీలు

నలభై ఏళ్ళుగా ఒక మనిషి పరువు నా దగ్గర ఉండిపోయింది. అది నాది కాదు. అబద్ధమాడి లాక్కున్నాను. తిరిగి ఇచ్చేద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో చెప్పలేను. ఇవ్వలేదు. ఆయన పోయాడు. నేను మాత్రం మూడు పూటలా తిని తిరుగుతున్నాను.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. చెప్పేంత దమ్ముంటే ఇది మీకు రాయాల్సిన పనేముంది, చెప్పాల్సిన ఇంటికే వెళ్ళి చెప్పేవాడిని. నేనుండే నరసరావుపేట నుంచి ఆ ఊరు పది మైళ్ళు. అప్పుడూ బస్సుంది, ఇప్పుడూ బస్సుంది. ఎన్నోసార్లు బస్టాండు దాకా వెళ్ళి, టీ తాగి, ఇంటికొచ్చాను. మా ఆవిడ ఎక్కడికెళ్ళారని అడిగితే ఊరికే అలా అని చెప్పాను. ఆమెకు కూడా తెలియదు.

నేను ఫొటోగ్రాఫర్‌ని. కొట్టు ఇప్పుడు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే కుర్రాళ్ళు నా దగ్గరికొచ్చి ఏ కెమెరా కొనమంటారు, ఎంతలో కొంటే మంచిది అని అడుగుతుంటారు. నేను పెద్దమనిషిలా గొంతు సవరించుకొని, కెమెరాదేముంది బాబూ, చెయ్యి ముఖ్యం అంటాను. వాళ్ళు తలూపి వెళ్తారు. ఎంత బాగా చెప్పాడు అనుకుంటారు కాబోలు. ఆ మాట అన్న ప్రతిసారీ చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది. ఎవరి నోట్లో మన్ను కొట్టి ఆ మాట నేర్చుకున్నానో వాళ్ళకేం తెలుసు?

ఎనభైల మొదట్లో సంగతి. నరసరావుపేటలో స్టేషను రోడ్డు పక్క సందులో ఖాసిం సాయిబు స్టూడియో ఉండేది. మూడు కాళ్ళ స్టాండు మీద చెక్క కెమెరా, వెనక నల్లగుడ్డ. దాని లెన్సు మీద ఒక గీత కూడా ఉండేది. నేను ఆయన దగ్గరే మూడేళ్ళు పని నేర్చుకున్నాను. బాబాయ్ అని పిలిచేవాడిని. ఆయనకు నోరు తక్కువ, విసుగు ఎక్కువ. కానీ పని చెప్పేటప్పుడు మాత్రం ఒకటికి పదిసార్లు చెప్పేవాడు.

ఆయన చేతిలో ఒక విద్య ఉండేది. అది చెబితే గాని మీకు మిగతాది అర్థం కాదు. ఆ రోజుల్లో మా పల్లెల్లో బతికుండగా ఫొటో తీయించుకున్నవాళ్ళు తక్కువ. మనిషి పోయాకే ఫొటో గుర్తొచ్చేది. అప్పుడు శవానికి స్నానం చేయించి, కొత్త బట్టలు కట్టి, కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా నడుముకు కండువాతో కట్టి, భార్యాపిల్లలను పక్కన పెట్టి ఫొటో తీయించేవారు. పాడె ఎక్కేలోపు ఆ ఒక్కటే. ఖాసిం సాయిబు ఆ నెగెటివ్ ముందేసుకొని సన్న పెన్సిలుతో, తర్వాత ప్రింటు మీద కుంచెతో, రెండు మూడు రోజులు కూర్చొని మూసిన కళ్ళు తెరిపించేవాడు. వేలాడిన పెదవిని సర్దేవాడు. ప్రింటు చేతికిస్తే, పోయిన మనిషి కూర్చొని తమనే చూస్తున్నట్టుండేది. ఆడవాళ్ళు కొట్టు మెట్ల మీదే కూలబడి ఏడ్చేవారు. చచ్చినోడికి కళ్ళు తెరిపిస్తాడు సాయిబు అని చుట్టుపక్కల ఊళ్ళల్లో పేరు.

అలాంటి మనిషి ఎదురుగా నేను కొట్టు పెట్టాను. మా నాన్న రెండెకరాల మిరపకాయ అమ్మి మద్రాసు నుంచి విదేశీ కెమెరా తెప్పించాడు. తెప్పించేదాకా నేను అన్నం మానేసి పోరు పెట్టాను. పేటలో అలాంటిది ఇంకొకటి లేదు. కొట్టు తెరిచిన రోజు ఖాసిం సాయిబు వచ్చాడు. కెమెరాను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎడమ పక్కనుండే చిన్న పిడి మీద వేలు పెట్టి, ఫొటో తీసి రీలు ముందుకు జరిపినప్పుడల్లా ఇది తిరుగుతుందో లేదో చూసుకోమన్నాడు. ఇది తిరక్కపోతే లోపల రీలు కదలడం లేదని లెక్క, నంబరు మారుతున్నది కదాని నమ్మకు అన్నాడు. నేను సరేలే అన్నాను. ఇంత కెమెరా వచ్చేసరికి ముసలాడికి కుళ్ళు అనుకున్నాను. కుళ్ళు ఎవరికి? ఇప్పుడు అడుగుతున్నాను, అప్పుడు అడగలేదు.

నా కొట్టులో డార్క్ రూమ్ లేదు. రీళ్ళు ఆయన గదిలోనే కడిగేవాళ్ళం. ఒక్కోసారి నేను, ఒక్కోసారి ఆయన. ఎదుటివాడి కడుపు కొట్టడానికి వచ్చినవాడికి తన గది తాళం ఇచ్చాడు ఆయన.

ఒక ఎండాకాలం పొద్దున్నే ఒకతను సందులోకి వచ్చాడు. పేరు వీరయ్య. ముందు రోజు సాయంత్రం వాళ్ళ తమ్ముడు ఆంజనేయులు బోరు మోటారు వేయబోయి షాకు కొట్టి చనిపోయాడు. పాతికేళ్ళు కూడా లేవు. భార్య కోటేశ్వరికి ఏడో నెల. ఆ తమ్ముడిది ఇంట్లో ఒక్క ఫొటో లేదు. పుట్టబోయే బిడ్డకు తండ్రి మొహం తెలియాలంటే ఇవాళే తీయాలి. వీరయ్య నేరుగా ఖాసిం సాయిబు మెట్లెక్కబోతున్నాడు. నేనే పిలిచాను. ఆ పాత డబ్బా ఎందుకు, నా దగ్గర ఉన్నది చూడు అని పిలిచాను. సాయిబు గుమ్మంలో కూర్చొని వింటూనే ఉన్నాడు. నేను సంచి తగిలించుకొని బయల్దేరుతుంటే, పిడి చూసుకోరా అని మాత్రం అన్నాడు.

ఆ ఇంటి ముందు ఊరు ఊరంతా ఉంది. ప్రెసిడెంటు గారు కుర్చీ వేసుకొని కూర్చున్నారు. నేను రీలు ఎక్కిస్తుంటే, ఎంతబ్బాయ్ ఇది అని అడిగారు. చెప్పాను. రెండెకరాల పంట ధర ఉందే అన్నారు. నలుగురూ దగ్గరికొచ్చి చూశారు. నేను ఇంకా చెప్పాను, ఏ దేశంలో చేశారో, లెన్సు ఒక్కదానికే ఎంతో, మద్రాసులో కూడా ఎంతమంది దగ్గరుందో. చెబుతూ చెబుతూ రీలు కొసను లోపలి పళ్ళకు తగిలించి మూత వేశాను. తగిలించానా? తగిలించాననే అనుకున్నాను. నా కళ్ళు ప్రెసిడెంటు గారి మొహం మీద ఉన్నాయి.

ఆంజనేయుల్ని కుర్చీలో కూర్చోబెట్టారు. తలపాగా చుట్టారు. కోటేశ్వరికి చేతినిండా గాజులు తొడిగి, తలనిండా పూలు పెట్టి, ఇంత బొట్టు పెట్టి తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టారు. ఆ బొట్టుతో, ఆ గాజులతో ఆమెకు అదే ఆఖరు. ఆమె ఏడవడం లేదు. కుర్చీ చేతి మీదున్న అతని చేతి మీద తన చెయ్యి వేసి, నా వైపు చూసి, చిన్నగా అడిగింది.

"కళ్ళు తెరిచినట్టే వచ్చిద్దా అన్నా?"

వస్తుందమ్మా అన్నాను.

పది పన్నెండు సార్లు నొక్కాను. నంబరు మారుతూనే ఉంది. పిడి వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఖాసిం సాయిబు గుమ్మంలోంచి నన్ను పిలిచాడు. రీలు కడిగి ఆరేశాడు. దాన్ని కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకొని ఉన్నాడు. కొస నుంచి కొస దాకా ఏమీ లేదు. నీళ్ళలా ఉంది.

"ఏందిరా ఇది?" అన్నాడు.

"నువ్వే చెప్పాలి బాబాయ్. కడిగింది నువ్వు."

"అంచున కంపెనీ అంకెలు చూడు. ఎంత నల్లగా పడినయ్యో. కడిగే మందు చెడిపోతే ఆ అంకెలు గూడా పడవు. వెలుగు తగిలితే రీలంతా నల్లబడుద్ది. ఇదేమో ఒట్టిగా ఉంది. రీలు కదల్లా."

"నా కెమెరాలో అట్టాంటివి జరగవు."

"జరిగినయ్. నా దగ్గర గూడా జరిగినయ్, సిగ్గుపడమాక." రీలు కింద పెట్టి నా భుజం మీద చెయ్యి వేశాడు. "పని ఆలోచిద్దాం. ఈరయ్యకు ఉన్నమాట చెబుదాం. అన్నదమ్ములది ఒకటే పోలిక అన్నావుగా. ఈరయ్యను కూర్చోబెట్టి ఒకటి తీస్తా. ఆ పిల్ల పక్కన కూర్చొని ముక్కు ఇట్టా, గడ్డం ఇట్టా అని చెబుతా ఉంటే నేను దిద్దుకుంటా పోతా. పదిరోజులు పట్టుద్దో, నెల పట్టుద్దో. చేస్తా. కానీ ఆ పిల్లకు మొహం కళ్ళల్లో ఉన్నప్పుడే చెయ్యాలిరా. తర్వాత నావల్ల గాదు."

సరే అన్నాను. ఆయన ముందు సరే అన్నాను.

సాయంత్రం వీరయ్య, ప్రెసిడెంటు గారు నేరుగా నా కొట్టుకే వచ్చారు. ఫొటో ఏదన్నారు. ఒక్క మాట చాలు కదా. పొరపాటైంది అంటే చాలు. నా నాలుక మీద దాకా వచ్చింది. అప్పుడు బల్ల మీదున్న కెమెరాను చూశాను. మా నాన్న మొహం కనబడింది. ఊళ్ళో అందరి ముందూ చెప్పిన ధర వినబడింది. కడగడంలో పోయిందండీ అన్నాను. సాయిబు గారికి ఈ మధ్య చూపు ఆనడం లేదు, మందు పాళ్ళు తప్పుతున్నాయి అని కూడా అన్నాను. అది ఎవరూ అడగలేదు. నేనే కలిపాను.

వాళ్ళు సందు దాటి ఎదురుగా సాయిబు కొట్టుకు వెళ్ళారు. నేనూ వెనకే వెళ్ళాను. సాయిబు రీలు పట్టుకొని అంకెలు చూడండి, అంకెలు చూడండి అని ఇద్దరికీ చూపించాడు. ఆ అంకెలేమిటో, అవి పడితే ఏమిటో, పొలం చేసుకునేవాళ్ళకు ఏం తెలుసు? ప్రెసిడెంటు గారు నవ్వారు. "అంత ఖరీదు పెట్టిన కెమెరా తప్పు చేసుద్దంటావా సాయిబూ? నీ చెక్కపెట్టె సంగతి చెప్పు" అన్నారు. ఆయన నా వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ సందులో రీలు భాష తెలిసినవాళ్ళం ఇద్దరమే. నేను తల దించుకొని నిలబడ్డాను. నేను తల దించుకుంటే వాళ్ళకు అది గురువు మీద గౌరవంలా కనబడింది.

అప్పుడు కూడా ఆయన నా పేరు ఎత్తలేదు. వీరయ్యతో, నువ్వొచ్చి కూర్చో అబ్బాయ్, మీ తమ్ముడి బొమ్మ నేను దిద్ది ఇస్తా అన్నాడు. "ఉన్నదే పోగొట్టినోడివి, లేనిది గీస్తావా?" అన్నాడు వీరయ్య. గదిలోకి పోయి మందు సీసాలు, పళ్ళేలు కాలితో తన్నాడు. నేను ఆపలేదు.

ఆ మాట ఊరూరా పాకింది. శవం ఫొటో పోగొట్టిన సాయిబు అన్నారు. కళ్ళు తెరిపించిన పేరంతా అటే పోయింది. ఎవరి ఇంట్లో చావైనా నన్నే పిలిచేవారు. నేను వెళ్ళేవాడిని. ఇప్పుడు పిడి చూసుకునేవాడిని. ఫొటోలు వచ్చేవి, కళ్ళు మూసుకొని. దిద్దడం నాకు రాదు. ఎవరూ అడగలేదు కూడా, ఖరీదైన కెమెరాతో తీస్తే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నారు.

ఏడాది తిరక్కుండా ఆయన కొట్టు ఖాళీ చేసి మాచర్లలో కూతురి దగ్గరకు వెళ్ళిపోయాడు. వెళ్ళే రోజు పెట్టె రిక్షాలో పెట్టించి నా కొట్టు ముందు ఆగాడు. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది. "నా సంగతి వదిలెయ్‌రా. ఆ పిల్లకు చెప్పు. ఇంకా మొహం గుర్తుండుద్ది. కబురంపితే మాచర్ల నుంచి వచ్చి చేసిపోతా" అన్నాడు. చెబుతాను బాబాయ్ అన్నాను. ఆయనతో నేనన్న ఆఖరి మాట కూడా అబద్ధమే. రెండేళ్ళకు ఆయన పోయాడని తెలిసింది. మట్టికి వెళ్ళలేదు. పెళ్ళి ఆర్డరు ఉందని చెప్పుకున్నాను, నాకు నేనే.

ఇంకో రెండేళ్ళకు కోటేశ్వరి నా కొట్టుకు వచ్చింది. నాలుగేళ్ళ ఆడపిల్లను చెయ్యి పట్టుకొని వచ్చింది. బడిలో వేయడానికి ఫొటో కావాలంది. ఆమె నన్ను గుర్తుపట్టింది. కోపం లేదు. నా మీద ఎందుకుంటుంది? పిల్లను స్టూలు మీద కూర్చోబెట్టి లైటు సర్దుతుంటే, ఎవరితోనూ కాదన్నట్టు మాట్లాడింది.

"వాళ్ళ నాన ఎట్టా ఉండేవోడని రోజూ అడుగుద్దన్నా. మొదట్లో చెప్పేదాన్ని. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే మా ఈరయ్య బావ మొహమే వస్తంది గానీ ఆయనది రావట్లా. నేను గూడా మర్చిపోతన్నా. ఎవరితో చెప్పుకోను?"

నా చెయ్యి లైటు మీదే ఉంది. కాలుతున్నా తీయలేదు. అప్పుడు చెప్పొచ్చు. గదిలో మేము ముగ్గురమే. ఏం చెప్పాను? పాపను కొంచెం గడ్డం ఎత్తమనమ్మా అన్నాను. ఫొటోకు డబ్బులు తీసుకోలేదు. ఆమె చేతులెత్తి దండం పెట్టింది. ఆ దండం ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

ఆ పిల్ల నెగెటివ్ ఇంకొకటి తీసి పెట్టుకున్నాను. ఒక పెళ్ళిలో వీరయ్యను కూడా తీశాను. రెండూ ముందేసుకొని పెన్సిలు పట్టుకున్నాను. నెలల తరబడి గీశాను, గీకాను, పాడుచేశాను. నా దగ్గర మంచి లెన్సుంది, మంచి లైట్లున్నాయి, వీరయ్య మీసంలో ఒక్కో వెంట్రుకా కనబడుతోంది. ఆంజనేయులు మాత్రం రాలేదు. అతను ఎలా ఉండేవాడో నేనూ మర్చిపోయాను, ఎదురుగా నిలబడి పన్నెండుసార్లు చూసినవాడిని. ఆ పని చేయగలిగిన ఒక్క చేతినీ మాచర్లకు తరిమింది నేనే కదా. ఆ రోజు చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఏడిస్తే ఏం లాభం, ఎవరికి లాభం?

ఇంతదాకా రాసి ఇక్కడ ఆపేద్దామనుకున్నాను. చేసిన పాపం చెప్పేశానని మీరనుకుంటారు. నేనూ అనుకుంటాను. కానీ అసలుది ఇంకా దాస్తున్నాను. రెండు రోజులుగా ఈ కాగితం ముందు కూర్చొని లేస్తున్నాను.

రీలు ఖాళీ అని నాకు తెలిసింది మర్నాడు కాదు. అక్కడే తెలిసింది.

ఫొటోలు తీయడం అయ్యాక రీలును పిడితో వెనక్కి చుట్టుకోవాలి. చుట్టేటప్పుడు వేలికి బిగువు తెలుస్తుంది. ఆ రోజు ఆ ఇంటి ముందు నిలబడి పిడి తిప్పితే బిగువు లేదు. ఒట్టినే తిరిగింది. ఆంజనేయులు ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. బెల్లంకొండ నుంచి వాళ్ళ అక్క రావాలని పాడె ఆపారు. ఇంకా గంట టైముంది. నా సంచిలో రెండు కొత్త రీళ్ళున్నాయి. ఇంకో నాలుగు తీస్తానండీ అంటే ఎవరూ కాదనరు. ఎందుకని కూడా అడగరు. తప్పు ఒప్పుకోనక్కర్లేదు, సిగ్గుపడనక్కర్లేదు, రీలు మార్చి మళ్ళీ నొక్కితే సరిపోయేది. కోటేశ్వరి ఇంకా అతని చేతి మీద చెయ్యి తీయలేదు.

సరిగ్గా అప్పుడే ప్రెసిడెంటు గారు, అయిపోయిందా అప్పుడే, ఖరీదు కెమెరా అంటే అదీ, సాయిబైతే పూటంతా చేసేవాడు అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఔనౌనన్నారు.

అయిపోయిందండీ అన్నాను. కెమెరా సంచిలో పెట్టేశాను.

పడి ఉంటుందిలే, వేలికి అలా అనిపించింది గానీ పడే ఉంటుందిలే అని దారి పొడుగునా అనుకుంటూ వచ్చాను. అలా నమ్మి ఉంటే రీలు నేనే కడిగేవాడిని కదా. కడగడం నాకొచ్చు. గది తాళం నా జేబులోనే ఉంది. మరి ఆయన చేతికి ఎందుకిచ్చాను? పని ఉందని ఇచ్చానా? లేక ఖాళీ రీలు ఎవరి చేతిలో తేలితే తప్పు వాళ్ళదవుతుందని అప్పుడే, ఆ బస్సులోనే, నాకు తెలుసా? నలభై ఏళ్ళుగా ఈ ప్రశ్న దగ్గర ఆగిపోతున్నాను. తెలియదు అని రాద్దామని పెన్ను పెట్టాను. రాయలేకపోతున్నాను. తెలుసు.

క్షమించమని మిమ్మల్ని అడగను, మీరు చేయగలిగింది ఏమీ లేదు. ఖాసిం సాయిబు లేడు. కోటేశ్వరి ఉంది, ఆ ఊళ్ళోనే ఉంది. ఆమె చదువుకోలేదు. ఇది అచ్చైతే ఎవరైనా చదివి వినిపిస్తారేమో, ఆమె కూతురే వినిపిస్తుందేమో. అందుకని ఆమెతో చెప్పాల్సింది ఇక్కడ రాస్తున్నాను.

అమ్మా కోటేశ్వరీ, నీ మొగుడి ఫొటో పోగొట్టింది సాయిబు కాదు, నేను. అతను నీ పక్కన కూర్చొని ఉండగానే నాకు తెలుసు. మళ్ళీ తీయడానికి గంట టైముంది. తీయలేదు.